ఏకగ్రీవం ఫ్లెక్సు

బాన్సువాడ బస్టాండు ఎనుక గల్లీల "వినోద్ ఆర్ట్స్" అని మా దుక్నం. పేరు నా మొగనిది, రెక్కలు నావి. వినోద్‌కుమార్ చేతిల కుంచె పడితే గోడ మీద అక్షరం నిలవడి మాట్లాడేది, నేను కాదనను. కానీ ఫ్లెక్సులొచ్చినంక కుంచెకు కాలం జెల్లింది. కంప్యూటర్ నేర్చుకున్నది నేను. ఫోటోలు కత్తిరిచ్చుడు, పేర్లు కొట్టుడు, ఫైలు నిజామాబాద్ పంపుడు, ఆడ అచ్చయిన రోల్ మాపటి బస్సుల వస్తే విప్పి చూసుకునుడు, అంత ఈ సోని పనే. మాకు సొంత మెషిన్ లేకుండె. గదొక్కటే వినోద్‌కు తీరని రంది. "మనకో మెషిన్ ఉంటేనా సోనీ..." పొద్దుగాల లేస్తే అదే పాట.

మా దుక్నంల ఒక కానూన్ ఉంటది. నేను పెట్టిందే. ఏ బోర్డయినా ముందుగాల కాయితం మీద నమూనా తీసి గిరాకి చేతిల పెడత. వాళ్లు వేలు పెట్టుకుంట ఒక్కొక్క మాట బయటికి సదవాలె, కింద సంతకం పెట్టాలె. అప్పుడే అచ్చుకు పోతది. ఒకపారి కోటగిరి పెండ్లోళ్ల ఫ్లెక్సు మీద పిల్లగాని పేరు తాన వాని తమ్ముని పేరు పడ్డది. ఫంక్షన్ హాలు ముంగట ఒకటే లొల్లి. ఆడివిల్ల తరఫు ముసలాయన నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ యాదికున్నయి. గా దినం సంది ఈ కానూన్.

"రిజిస్ట్రేషన్ ఆఫీసుల గూడ గింత సతాయించరమ్మా" అని గిరాకులు నవ్వేటోళ్లు.

"ఆడ తప్పు పోతే మీరు నోరు మూసుకుంటరు. ఈడ తప్పు పోతే నా మీదికొస్తరు. సదువుండ్రి ముందు" అనేదాన్ని.

గీ పిచ్చి కానూనే నన్ను మొన్న చలికాలం సర్పంచు ఎలక్షన్ల దాంక గుంజుకపోయింది.

మాది రాళ్లకుంట తండా, మా ఓట్లు ఇంకా ఆడనే. పిట్లం తొవ్వల పడితే ఆటోల అరగంట. ఈసారి సర్పంచు సీటు ఆడోళ్లకొచ్చింది. కానీ ఆడైనా మొగైనా మా తండాల పెత్తనం దేవ్‌సింగ్‌దే. కంట్రాక్టులు చేస్తడు, రెండు ట్రాక్టర్లున్నయి, పెద్ద లీడర్ల పక్కన నిలవడి ఫోటోలు దిగుతడు. కిందటి సర్పంచు వేలిముద్ర మనిషి. పాపం మంచోడే. దేవ్‌సింగ్ చూపిచ్చిన కాడల్లా వేలు గుద్దిండు. కాయితాల మీద మా తండాకు రెండు బోర్లు పడ్డయి, మోరీలయినయి. తండాకొచ్చి చూస్తే ఏమున్నది? ఆడోళ్లు కడవలు పట్టుకోని పొలాల బోర్ల కాడికి ఉరుకుతుండ్రు. ఇప్పుడు దేవ్‌సింగ్ తన పెండ్లాం రూప్లిని నిలవెడుతుండని తెల్సింది.

ఒకనాడు పగటీలి హీరాబాయి అవ్వ, ఆమెతోని పదిమంది ఆడోళ్లు దుక్నం మెట్లెక్కిండ్రు. అవ్వకు డెబ్బై దగ్గర. చేతికి దవడకు పచ్చబొట్లు, నోట్ల రెండే పండ్లు, మాట మాత్రం బండ మీద గీసినట్టుంటది. మా లంబాడీ భాషల్నే అన్నది, "సోనీ, నువ్వు నిలవడాలె."

"నేనా? నాతోని ఏమైతది అవ్వా? గీ దుక్నం ఎవలు చూస్తరు?"

"నీ తాన పైసలున్నయని రాలే మేము. కాయితం సదవంది ఎవల్నీ సంతకం పెట్టనియ్యవట నువ్వు. నా మనుమరాలు జెప్పింది, దాని పెండ్లి ఫ్లెక్సుకు దానితోని మూడుసార్లు సదివిచ్చినవట. మాకు గసొంటిది కావాలె. సదివి సంతకం పెట్టే సర్పంచు మా తండాకు ఇంతవరకు రాలే."

అబద్ధం ఎందుకు, నా ఛాతి ఉబ్బింది. ఇంటర్ తప్పినదాన్ని, అత్తగారింట్ల "కంప్యూటర్ది" అని ఎక్కిరిచ్చుకుంటరు నన్ను. గసొంటి నన్ను పదిమంది ఎతుక్కుంట వచ్చిండ్రు. వినోద్ దిక్కు చూసిన. ఆయన నాకంటె ఎక్కువ మురిసిండు. "నిలవడు సోనీ! నీకు నేనుంట. ఫ్లెక్సు నేనే డిజైన్ చేస్త" అన్నడు. ఆ మురిపెం ఉత్తదని నేను ఇప్పటికీ అనను. ఆ దినం ఆయన నిజంగనే మురిసిండు.

నామినేషన్ల చివరి దినం మా దుక్నం తిరునాల లెక్కున్నది. అన్ని ఊర్ల క్యాండిడేట్లు వచ్చి మీద పడ్డరు. ఒకాయన మొఖం తెల్లంగ చెయ్యమంటడు, ఇంకొకామె ఫోటోల పక్కనున్న సవతిని కత్తిరించి తీసెయ్యమంటది. "అక్కా నాదయిందా, అక్కా నాదెంతసేపు" అని ఒకటే మోత. నేను మౌస్ మీదికెళ్లి చెయ్యి తియ్యలే. గప్పుడు వినోద్ నా నామినేషన్ కాయితాల కట్ట తెచ్చిండు.

"జల్ది సంతకాలు పెట్టు, టైమైపోతుంది. ఈడ... ఈడ... గిది డిక్లరేషను, ఈడ... గీ ఎనుక దానికి గూడ."

ఆయన వేలు ఎక్కడ ఆనితే అక్కడ పెట్టిన. కుడి చేతిల పెన్ను, కండ్లు కంప్యూటర్ మీద. ఒక్క కాయితం సదవలే. ఇంట్ల మనిషి తెచ్చిండు గద, ఏం సదువుత? ఊరందరికి శకునం జెప్పే బల్లి కుడితిల పడ్డదంటరు చూడు, గా బల్లిని నేనే. సంతకాలయినంక వినోద్ నన్ను ఎనుక కూసోవెట్టుకోని బండి మీద తోలుకపోయిండు, నామినేషన్ ఇచ్చినం. నన్ను ప్రతిపాదిస్తున్నట్టు సంతకం పెట్టింది గూడ ఆయనే.

ఇగ ఆ నాలుగు దినాలు తండాల చూడాలె. ఆడోళ్లు నాట్లకు పోయే ముందుగాల, వచ్చినంక, ఇల్లిల్లు తిరిగిండ్రు. దేవ్‌సింగ్ మనుషులు చీరలు పంచనీకి వస్తే అవ్వ తలుపు కాడ అడ్డం నిలవడ్డదట. "మీ చీర కట్టుకుంటే బోరుల నీళ్లొస్తయా?" అన్నదట. దేవ్‌సింగ్‌కు కోపం మీది కోపం లేచింది. హీరాబాయి కొడుకు దేవిదాస్ ఆయన ట్రాక్టర్ నడిపేటోడు. పది మందిల తాళం చెవి గుంజుకున్నడు, పనిల కెళ్లి తీసేసిండు. పిలగాండ్లున్నోడు, మల్లనాటి సంది రుద్రూర్ దిక్కు కూలికి పోవుడు మొదలువెట్టిండు.

నేను పోయి అవ్వ కాళ్ల మీద పడ్డంత పని జేసిన. "నా మూలంగ నీ కొడుకు పని పాయె గదవ్వా."

"వానికి రెక్కలున్నయి, వాడు బతుకుతడు. నువ్వు మాత్రం మాట తప్పకు" అన్నది.

"సేవాలాల్ మీద ఒట్టు, తప్పను" అన్న. నా నోటితోనే అన్న.

నామినేషన్లు వాపస్ తీసుకునే దినమొచ్చింది. మధ్యాహ్నం మూడు గంటల దాంక టైము. పొద్దుగాలనే వినోద్ "నిజామాబాద్ పోయొస్త, రోల్సు పెండింగున్నయి" అని బండి తీసిండు. నేను దుక్నం తెరిచిన. పన్నెండు గొట్టంగ దుక్నం ఫోనుకు వాట్సాప్‌ల ఒక ఆర్డరొచ్చింది. దయానంద్ పంపిండు. దయానంద్ అంటే దేవ్‌సింగ్ ఎంట తిరిగే పిల్లగాడు. వాడు పంపుడు నాకేం కొత్త అనిపియ్యలే. మాది దుక్నం, దుష్మన్ ఫ్లెక్సయినా చేస్తం. పది ఫీట్లు ఏడు ఫీట్లు, పొద్దు మూకేవరకు తండా గేటు కాడ కట్టాలె, అని రాసిండు. కింద మ్యాటరు: "సర్పంచ్‌గా ఏకగ్రీవంగా ఎన్నికైన శ్రీమతి రూప్లి దేవ్‌సింగ్ గారికి హార్దిక శుభాకాంక్షలు."

నాకు నవ్వొచ్చింది. నేను నిలవడి ఉండంగ ఏకగ్రీవం ఎట్లయితదిరా అనుకున్న. ఆగం మనుషులు, ముందుగాలనే సంబరం చేసుకుంటుండ్రు అనుకోని, పని పని గద అని వాడు పంపిన ఫోటోలు ఒక్కొక్కటి కంప్యూటర్ల దించుడు మొదలువెట్టిన. నడుమ దేవ్‌సింగ్ పెద్ద ఫోటో. సర్పంచయ్యేది పెండ్లామయినా మొఖం మొగనిది చాటంత ఉండాలె, పెండ్లాంది నిమ్మకాయంత. అది ఈడ రివాజే, నేను ఎన్ని చెయ్యలే! కింద వరుసల శుభాకాంక్షలు జెప్పెటోళ్లవి చిన్న చిన్న ఫోటోలు. ఒకటి, రెండు, మూడు... ఆరోది దించిన. నీలం షర్టు, పక్కకు దువ్విన జుట్టు. గా ఫోటో నేనే తీసిన, మా దుక్నం తెల్ల పరదా ముంగట.

వినోద్‌ది.

కింద ఇంకొక మెసేజు ఉన్నది. "ఏడోది సోని అక్కది. మీ తాననే ఉంటది గద, దండం పెడుతున్నది ఏస్తే మంచిగుంటది."

ఫోన్ చేసిన.

"దయానంద్, గీ ఏకగ్రీవం ఎప్పుడైంది?"

"పదకొండుకే అయిపోయింది గదక్కా! వినోదన్న వచ్చి కాయితం ఇచ్చిండు, మేమందరం ఆడనే ఉంటిమి. నువ్వు మస్తు మంచి పని జేసినవక్కా. లేకుంటె తండా రెండు ముక్కలయ్యేది." వానికి నా మీద మాయ మర్మమేం లేదు. నాకు ఎరుకనే అనుకున్నడు పాపం. "ఫ్లెక్సు జర జల్ది కానియ్యి అక్కా" అని పెట్టేసిండు.

దుక్నంల గిరాకులు కూసున్నరు. "జర ఆగుండ్రి" అన్న. షట్టర్ సగం గుంజి రోడ్డు మీదికొచ్చి ఆటో ఎక్కిన. మూడూర్ల నామినేషన్లు ఒక్క పంచాయతీ ఆఫీసుల్నే తీసుకుంటుండ్రు. తొవ్వంత "దేవుడా, అది అబద్ధం గావాలె" అనుకుంటనే పోయిన. ఆడికి చేరేవరకు ఒంటిగంట దాటింది. మూడయ్యే దాంక ఇంక టైమున్నది గద అని ఒక ఆశ.

ఆఫీసరు సారు మర్యాదస్తుడు. కుర్సీ చూపిచ్చిండు. నేను కూసోలే.

"సార్, నేను వాపస్ తీసుకోలే."

ఆయన కాయితాలు తిరగేసి ఒకటి ముంగట పెట్టిండు. "మీ ప్రపోజర్ తెచ్చిచ్చిండమ్మా. అభ్యర్థి రాకపోయినా, ఆమె సంతకంతోని రాసిస్తే ప్రపోజర్ తేవచ్చు. ఈ సంతకం మీదేనా?"

చూసిన. "సో" కింద గీత పొడుగ్గ గుంజుత నేను, చిన్నప్పటి అలవాటు. అట్లనే ఉన్నది. పైన అచ్చు అక్షరాలు. నా పోటీని నా ఇష్టంతోని ఉపసంహరించుకుంటున్నానని ఉన్నది. ఆడ నిలవడే మొదటిసారి సదివిన.

"నాదే సార్."

"ఒకసారి తీసుకున్నంక రద్దు చేయనీకి లేదమ్మా." ఆయన గొంతుల జాలి ఉన్నది. గా జాలి నాకెందుకు? "సదవలేదా?" అని అడగలే, గదొక్కటి మేలు జేసిండు. గోడకు పెట్టిన లిస్టుల నా పేరు మీద ఎర్ర గీత కొట్టి ఉండె.

నేను వాపస్ వచ్చేవరకు వినోద్ దుక్నంల కంప్యూటర్ ముంగట కూసున్నడు. నిజామాబాద్ లేదు, మన్ను లేదు. గా ఫ్లెక్సే చేస్తుండు. ఏడో ఫోటో ఏసిండు. దండం పెడుతున్నది. నా ఎలక్షన్ ఫ్లెక్సుకని మూడు దినాల కింద ఆయనే తీసిన ఫోటో అది. "నవ్వు సోనీ, ఇంకా జర నవ్వు" అని తీసిండు.

గిరాకులను ఎల్లగొట్టిన. షట్టర్ పూర్తిగ దించిన.

"ఎప్పుడు పెట్టిచ్చుకున్నవ్ గీ సంతకం?"

"నామినేషన్ నాడు." తల ఎత్తలే.

"అప్పటికే మాట్లాడుకున్నవా వానితోని?"

"లేదు సోనీ, పిలగాండ్ల మీద ఒట్టు. దయానంద్ వాపస్ కాయితం ఒకటి ఇచ్చి ఉండనియ్యి అన్నడు. ఎందుకన్నా పనికొస్తదని పెట్టిచ్చిన. మల్ల దేవ్‌సింగ్ పిలిచిండు. హైదరాబాద్‌ల ఒక సెకండ్ హ్యాండ్ మెషిన్ ఉన్నది, మంచి కండిషన్ల ఉన్నది. అది ఇప్పిస్తనన్నడు. సర్పంచంటే ఐదేండ్లు. మెషిన్ ఉంటే మనకు బతుకంత. నీకోసం, పిలగాండ్ల కోసమే చేసిన."

"నాకోసమైతే నన్నడగొద్దా?"

"అడిగితే నువ్వు ఒప్పుకోవు గద."

గా మాట అంత నిమ్మలంగ అన్నడు, ఉప్పు తక్కువైందన్నట్టు. కొట్టినా నాకంత నొప్పి కాకపోవు. పదమూడేండ్ల సంసారం. చేతిల చెయ్యేసి నడిచినోడు, పురిట్ల నా బట్టలుతికినోడు. ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు, నేనెంత? నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కంటె ముందు అసయ్యమొచ్చింది. ఆయన మీద సగం, నా మీద సగం.

"అచ్చుకు పంపకు. నా ఫోటో తియ్యి."

"మాటిచ్చిన సోనీ. నీ ఫోటో లేకుంటె జబర్దస్తీ చేసిండ్రు అంటరు. దేవ్‌సింగ్‌కు బద్నాం."

"మరి నాకు?"

ఆయన మల్ల మౌస్ అందుకున్నడు. మూడు మూరల వైరు ఉంటది ఆ కంప్యూటర్‌కు, గుంజి పడేసిన. ఏమైతది? ఫైలు ఆయన ఫోన్‌ల గూడ ఉన్నది. మందిని పట్టుకోని నిజామాబాద్‌ల్నే అచ్చేయించిండు. పొద్దు మూకేవరకు కాలే, తెల్లారి కట్టిండ్రు. ఒక్క పూట ఆలస్యం, నేను చేసిన యుద్ధం గంతనే.

పోలింగ్ దినం చుట్టుపక్క ఊర్లన్నీ ఓట్లేసినయి. మా తండాల ఆడోళ్లు మామూలుగ నాట్లకు పోయిండ్రు. గేటు కాడ ఫ్లెక్సు కింది నుంచే పోవాలె. నేను అందరికి నవ్వుకుంట దండం పెడుతున్న. నేను తండాకు పోవుడు బంద్ జేసిన. ఒకపారి పోతే చిన్న పిల్లప్పటి సంది నా ఎంట తిరిగిన వినోద్ చెల్లె వందన గూడ మొఖం తిప్పుకున్నది. పొలం బోరు కాడ ఎవలో అననే అన్నరు, నాకు ఇనబడాలెననే అన్నరు, "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయి."

మెషిన్ వచ్చింది. వినోద్ కొబ్బరికాయ కొట్టిండు, పసుపు కుంకుమ పెట్టిండు. దేవ్‌సింగ్ వచ్చి శాలువా కప్పిండు. నన్ను గూడ పిలిచిండ్రు, నేను లోపలి అర్రల కూసున్న. మల్ల ఏం చేస్త? పిలగాండ్ల ఫీజులున్నయి, మెషిన్ నడపనీకి వినోద్‌కు రాదు. వారం దినాలు చూసి నేనే నేర్చుకున్న. ఇప్పుడు దాని ముంగట నిలవడేది నేనే. ఇంట్ల వినోద్‌కు అన్నం పెడత, మాట పెట్టను. ఆయన "సోనీ" అంటడు, నేను మెషిన్ దిక్కు చూస్త.

సంకురాత్రి దాటినంక ఒకనాడు పగటీలి హీరాబాయి అవ్వ వచ్చింది. ఈసారి ఒక్కతే. మెషిన్ నడుస్తుండె, బంద్ జేసిన. వినోద్ ఆమెను చూసి ఎనుకకు జరిగి ఇంకు డబ్బాలు సదురుతున్నట్టు నిలవడ్డడు. కూసోమన్న, కూసున్నది. నీళ్లిచ్చిన, తాగింది. మెషిన్‌ను కింది నుంచి మీది దాంక చూసింది.

"దేవిదాస్ ఎట్లున్నడు అవ్వా?"

"ఉన్నడు. కూలి దొరికిన నాడు తింటుండు." ఖాళీ గ్లాసు చేతిలనే పట్టుకున్నది. మల్ల అన్నది, "నేను లొల్లికి రాలే సోనీ. తండాల రెండు తీర్ల మాట్లాడుతుండ్రు. మెషిన్ కోసం అమ్ముకున్నదని కొందరు. దానికేం ఎరుకలే, మొగడు మోసం జేసిండు, సదవంది సంతకం పెట్టిందని కొందరు. రెండోది నేను నమ్మలే. వాళ్లతోని కొట్లాడిన. అది గాలికి సంతకం పెట్టేది గాదు, కాయితం సదవంది పెన్ను ముట్టదని చెప్పిన. నిజమేందో నీ నోటితోని ఇందామని వచ్చిన."

వినోద్ చేతుల డబ్బా కదలలే. అవ్వ నా మొఖం చూస్తుంది. అమ్ముకున్న అంటే ఈ ముసల్ది నన్ను అసహించుకుంటది, లేచి పోతది. గంతే. నిజం జెప్తే అమ్ముకున్నదన్న మచ్చన్నా పోతదని, ఒక్క మనిషన్నా నా దిక్కుంటదని నాకు ఆశ పుట్టింది.

"సదవలే అవ్వా" అన్న. "ఆయన పెట్టమన్న కాడ పెట్టిన. నేనేం అమ్ముకోలే."

అవ్వ గ్లాసు నిమ్మలంగ కింద పెట్టింది. మోకాలు పట్టుకోని లేచింది. నేను చెయ్యి అందిస్తే పట్టుకోలే.

"అమ్ముకున్నా బాగుండు బిడ్డా," అన్నది. "అమ్ముకున్నోళ్లకు ఏం అమ్మిండ్రో ఎరుక ఉంటది."

చెప్పులేసుకోని మెట్లు దిగి బస్టాండు దిక్కు పోయింది. నేను పిలవలే. ఏమని పిలువాలె?